మట్టా, పొట్టా? అడుగున నీళ్లుండే టమాటా కుండీపై ఒక సంవాదం

పట్నాల మిద్దెల మీద ఇప్పుడు కొత్త రకం కుండీలు కనిపిస్తున్నాయి. అడుగున నీటితొట్టి, దాని మీద చిల్లుల పళ్లెం, పళ్లెం మధ్యలోంచి నీళ్లలోకి దిగే చిన్న గిన్నె, మూలన నీళ్లు పోసే గొట్టం, పక్కన మిగులు నీళ్లు పోయే బెజ్జం. సెల్ఫ్ వాటరింగ్ కుండీలని వీటికి పేరు. తొట్టి నింపి ఉంచితే మొక్క తనకు కావలసినంత కిందినుంచి తీసుకుంటుంది. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగస్తులకు ఇది పెద్ద ఊరట. అయితే ఆ కుండీని దేనితో నింపాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఖరీదైన కుండీ, మేలైన నారు, మంచి ఎండ అన్నీ ఉండి కూడా మొక్క కుళ్లిపోతోంది.

ఇక్కడ వాదించుకుంటున్నది ఇద్దరు. మామ మదనపల్లె వైపు ఎర్రనేలలో జీవితమంతా టమాటా పండించిన రైతు. ఇప్పుడు హైదరాబాద్‌లో కొడుకు ఇంట ఉంటున్నాడు. కోడలు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది.

మామ: ఈ కొబ్బరి పొట్టు ఇటుకలు ఎందుకమ్మా ఇన్ని తెప్పించావు? ఎర్రమట్టి కోసం నేను ట్రాక్టరు అతనికి చెప్పి ఉంచాను. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, నాలుగు గుప్పిళ్లు వేపపిండి. టమాటాకు ఇంతకంటే మంచి పడక ఎక్కడ దొరుకుతుంది?

కోడలు: మామూలు కుండీకైతే మీ మాటే నా మాట, మామయ్యా. ఈ కుండీకి మాత్రం వద్దంటున్నాను. మామూలు కుండీలో నీళ్లు పైనుంచి పోస్తాం. అవి మట్టిలోంచి దిగి అడుగు బెజ్జం గుండా పోతాయి. పోతూ పోతూ తమ వెనక గాలిని లోపలికి తెచ్చుకుంటాయి. ఇందులో నీళ్లు ఎప్పుడూ కిందే ఉంటాయి, అక్కణ్ణుంచి పైకి ఎక్కుతుంటాయి. రాత్రీ పగలూ తడి ఆగదు. నీళ్లు నడిచే దారి తిరగబడినప్పుడు నింపే సరుకు కూడా మారాలి.

మామ: ఎక్కితే ఎక్కనీ. మట్టి నీళ్లను లాగదనుకున్నావా? మన ఊళ్లో పాత మట్టిగోడలు చూశావు కదా. ముసురు పట్టిందంటే పునాది దగ్గర మొదలైన చెమ్మ నడుమెత్తు దాకా ఎక్కేది. లాగడంలో మట్టిని మించింది లేదు.

కోడలు: లాగుతుంది, కాదనను. చిక్కు కూడా అందులోనే ఉంది. సందు ఎంత సన్నదైతే నీళ్లు అంత ఎత్తుకు ఎక్కుతాయి. దీనికి లెక్క ఉంది. ఒక మిల్లీమీటరు వెడల్పున్న గొట్టాన్ని నీళ్లలో నిలబెడితే లోపల నీళ్లు 3 సెంటీమీటర్లు లేస్తాయి. వెడల్పు 0.1 మిల్లీమీటరు అయితే 30 సెంటీమీటర్లు లేస్తాయి. మన కుండీలో వేర్లుండేది నీటిమట్టం నుంచి 5, 25 సెంటీమీటర్ల మధ్య. అంటే 0.1 మిల్లీమీటరు కంటే సన్నని సందులన్నీ పైదాకా నీళ్లతో నిండే ఉంటాయి. బంకపాలున్న మట్టిని టబ్బులో పోసి తడిపితే అది సర్దుకుని, కూరుకుపోయి, సందులన్నీ అంతకంటే సన్నబడతాయి. ఇంక గాలికి చోటెక్కడిది?

మామ: చేలో ఉన్నదీ ఆ మట్టే కదమ్మా. అక్కడ వేరుకు గాలి అందడం లేదా?

కోడలు: చేలో నీటిమట్టం ఎంత లోతున ఉంటుంది?

మామ: మా వైపా? వెయ్యి అడుగులు వేసినా తడి తగలని బోర్లున్నాయి.

కోడలు: అదే మరి. నీళ్లు కట్టిన ఒకటి రెండు రోజుల్లో పెద్ద సందుల్లోని నీళ్లు కిందికి దిగిపోతాయి, ఆ జాగాలోకి గాలి వస్తుంది. పైగా పాత వేర్లు, వానపాములు వేసిన దారులుంటాయి. ఆ మట్టిని తవ్వి తెచ్చి టబ్బులో పోస్తే ఆ కట్టడి అంతా చెదిరిపోతుంది. ఇక్కడ నీటిమట్టం వేరుకు బెత్తెడు దూరంలో ఉంటుంది. మీకు తెలిసిన సంగతే అడుగుతాను. చెరువు కట్ట కింద ఊట పట్టే మడిలో ఎవరైనా టమాటా నాటుతారా?

మామ: ఎవరూ నాటరు. అది వరికి వదిలేసే నేల. తెలియక ఎవరన్నా వేసినా నెల తిరిగేసరికి ఆకు పసుపు తిరుగుతుంది. పీకి చూస్తే వేరు గోధుమరంగుకు మారి వాసన కొడుతుంది.

కోడలు: మట్టితో నింపిన ఈ కుండీలో జరిగేదీ అదే. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీళ్లలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వరి తన కాండంలోని గాలి గొట్టాల ద్వారా వేరుకు ఊపిరి పంపుకోగలదు. టమాటాకు ఆ ఏర్పాటు సరిపడినంత లేదు. వేరుకు ఊపిరి ఆడకపోతే నీళ్లు పీల్చుకునే శక్తే పోతుంది. అందుకే తొట్టి నిండా నీళ్లున్నా మొక్క మధ్యాహ్నం వాలిపోతుంది. వాలింది కదా అని మనం ఇంకా నీళ్లు పోస్తాం.

మామ: సరే, మట్టిని తేలిక చేద్దాం. సగానికి సగం ముతక ఇసుక కలుపుదాం.

కోడలు: ఇసుక రేణువుల నడుమ ఉండే సందుల్లోకి బంకమట్టి చేరి పూడ్చేస్తుంది. రెండూ కలిపితే గాలి పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఇంక బరువు సంగతి. 25 లీటర్ల టబ్బులో తడి ఎర్రమట్టి 40 కిలోలు దాటుతుంది, ఇసుక కలిపితే ఇంకా ఎక్కువ. అదే పరిమాణం కొబ్బరి పొట్టు మిశ్రమం తడిసినా 20 కిలోలకు మించదు. మనుషులు తిరిగే మిద్దె పైకప్పుకు భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. దగ్గర దగ్గరగా నాలుగు మట్టి టబ్బులు పెడితేనే ఆ లెక్క దాటిపోతుంది.

మామ: బరువు మాట ఒప్పుకున్నాను. మట్టికి ఒక గుణముందమ్మా, అది నువ్వు లెక్కలోకి తీసుకోవడం లేదు. మట్టిలో ప్రాణముంది. ఒకసారి ఎరువు తక్కువైనా, ఎక్కువైనా అది సర్దుకుంటుంది. తనలో దాచుకుని మెల్లగా ఇస్తుంది. నీ పొట్టులో ఏముంది? కొబ్బరి పీచు తీశాక మిగిలిన చెత్త. అందులో టమాటా వంటి తిండిపోతును నాటి దేన్ని నమ్ముకుంటావు?

కోడలు: నేను దాన్ని తిండి కోసం నమ్ముకోవడం లేదు. అది చేయాల్సిన పని ఒకటే. తనలో నీళ్లను నింపుకుంటూనే గాలికి చోటు వదలాలి. కొబ్బరి పొట్టు రేణువు లోపలంతా సన్నని గదులు, వాటిలో నీళ్లు నిలుస్తాయి. రేణువుకూ రేణువుకూ మధ్య పెద్ద సందులు, అక్కడ గాలి ఉంటుంది. ఈ రెండూ ఒకేచోట దొరకడం అరుదు. తిండి తర్వాత పెట్టుకోవచ్చు. నారు నాటాక ఎరువు ఏ వారమైనా చేర్చవచ్చు. సందులు మాత్రం మధ్యలో బాగుచేయలేం. కూరుకుపోయిన కుండీని కాపు మీద ఉన్న మొక్కతో సహా ఎలా విప్పుతాం?

మామ: ఆ మాటలో న్యాయముంది. అయినా కుండీ సాగు ఎప్పుడూ మట్టితోనే కదా నడిచింది?

కోడలు: నడిచింది. ఇంగ్లండ్‌లో 1930లలో జాన్ ఇన్నెస్ తోటల పరిశోధన సంస్థలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు కుండీ మిశ్రమానికి ఒక కొలత కట్టారు. 7 పాళ్లు మట్టి, 3 పాళ్లు పీట్, 2 పాళ్లు ఇసుక. మట్టిలోని తెగుళ్లు చచ్చేలా ముందు ఆవిరి పట్టించేవారు. ఆ కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. 1960లలో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన బూడ్లీ, షెల్‌డ్రేక్ మట్టి అసలు లేకుండా పీట్‌తో పాటు పెర్లైట్ లేదా వర్మిక్యులైట్ కలిపిన మిశ్రమాలు తయారుచేశారు. అంటే మొదటిది పైనుంచి నీళ్లు పోసే కుండీకి పుట్టింది. కిందినుంచి నీళ్లెక్కే కుండీలకు రెండో దారి కలిసొచ్చింది. 1990లలో ఎర్త్‌బాక్స్ అనే నీటితొట్టి కుండీని తయారుచేసింది ఎవరనుకున్నారు? ఫ్లోరిడాలో టమాటా పండించే రైతు, బ్లేక్ విసెనెంట్. అందులో తోట మట్టి నింపవద్దనే ఆ కుండీతో పాటు చెబుతారు.

మామ: రైతే చెప్పాడా! అయితే ఆయన ఏం నింపమన్నాడో అదే నింపు. కొబ్బరి పొట్టు ఎందుకు?

కోడలు: వాళ్లు నింపేది పీట్. చలి దేశాల బురద నేలల్లో వేల ఏళ్లు పేరుకున్న నాచు అది. మనకు దిగుమతి సరుకు, పైగా తవ్వేసిన ఆ నేల మళ్లీ పేరుకునేది ఏడాదికి సుమారు మిల్లీమీటరు చొప్పునే. కొబ్బరి పొట్టు మన కోనసీమలో, పొల్లాచ్చిలో, కేరళలో గుట్టలుగా మిగిలే సరుకు. ఐరోపా గాజు ఇళ్లలో టమాటా పండించేవాళ్లు కూడా దీన్ని మన దేశం నుంచీ శ్రీలంక నుంచీ తెప్పించుకుంటారు.

మామ: కోనసీమ అన్నావు కనుక అడుగుతున్నా. సముద్రం పక్కన పెరిగిన కొబ్బరి. పీచు నానబెట్టేది కూడా కొన్నిచోట్ల ఉప్పు కయ్యల్లోనే. ఆ ఉప్పు పొట్టులో ఉండదా? మా వైపు బోరు నీళ్లలో ఉప్పు పెరిగితే టమాటా ఆకు అంచులు మాడిపోవడం నేను చూడని సంగతి కాదు.

కోడలు: ఉంటుంది. ఈ విషయంలో మీ అనుమానం నూటికి నూరు పాళ్లు సరైనది. కడగని పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఎక్కువ. మామూలు కుండీలో అయితే రోజూ పైనుంచి పోసే నీళ్లు కొంతైనా కడిగేస్తాయి. ఈ కుండీలో ఉప్పు బయటికి పోయే దారి లేదు. అందుకే ఇటుకను నానబెట్టి, విరిసిన పొట్టును గోనెసంచిలో వేసి, నీళ్లు పోసి వార్చి, మళ్లీ పోసి వార్చాలి. ఇంట్లో తాగే నీళ్లు చూసే టీడీఎస్ మీటరుంది కదా. వార్చిన నీళ్ల అంకె కుళాయి నీళ్ల అంకెకు దగ్గరయ్యేదాకా కడగాలి. కొనేటప్పుడే లో ఈసీ, అంటే ఉప్పు తక్కువ, అని రాసిన సరుకు తెచ్చుకుంటే సగం పని తగ్గుతుంది.

మామ: అంతేనా?

కోడలు: ఇంకొకటుంది. పొట్టు రేణువులు సోడియం, పొటాషియంలను పట్టుకుని ఉంటాయి. మనం కాల్షియం వేసినప్పుడు వాటిని వదిలేసి కాల్షియాన్ని పట్టుకుంటాయి. అంటే మొదటి నెలలో మొక్కకు అందాల్సిన కాల్షియం పొట్టు మింగేస్తుంది. వాణిజ్య సాగులో కాల్షియం నైట్రేట్ కరిగించిన నీళ్లలో పొట్టును నానబెట్టి, ఆ ఆకలి ముందే తీర్చి, మళ్లీ కడిగి వాడతారు. అలా చేయకపోతే టమాటాలో మొదట కనిపించే రోగం మీకు తెలుసు.

మామ: కాయ అడుగు నల్లగా కుళ్లడం. పూత రాలిన కొస దగ్గర మొదలై లోపలికి పోతుంది. మేము నీళ్ల తేడా వల్ల అంటాం. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు పెడితే తప్పకుండా వస్తుంది.

కోడలు: మీరు నీళ్ల తేడా అన్నది, పుస్తకం కాల్షియం అన్నది ఒకటే సంగతికి రెండు కొసలు. కాల్షియం నీళ్ల వెంటే ప్రయాణిస్తుంది. ఆకులు ఎండకు నీళ్లు ఆవిరి చేస్తాయి కనుక కాల్షియం అటే పోతుంది. కాయ పెద్దగా ఆవిరి చేయదు, దాని వాటాకు వచ్చేది తక్కువ. నీళ్లు తెగితే ముందు నష్టపోయేది కాయే. ఈ కుండీ గొప్పతనం ఇక్కడే ఉంది. తడి తెగదు. మిశ్రమంలో కాల్షియం కూడా ఉంటే కాయ అడుగు కుళ్లు చాలావరకు రాదు.

మామ: అయితే దానికి నా దగ్గర మందుంది. జిప్సం. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు వేస్తాం. కాయ నిండేది దాంతోనే. నీ పొట్టులో కూడా కలుపు.

కోడలు: కలుపుతాను. మీరు చెప్పకపోతే నేనే అడిగేదాన్ని. అమెరికా పద్ధతిలో జిప్సం బదులు డోలమైట్ సున్నం వేయమంటారు. పీట్ బాగా పుల్లటి సరుకు, దాని పీహెచ్ 4 దగ్గర ఉంటుంది కనుక వాళ్లకు సున్నం కావాలి. కొబ్బరి పొట్టు పీహెచ్ 5.5 నుంచి 6.5 వరకు ఉంటుంది, టమాటాకు అది సరిపోతుంది. మన బోరు నీళ్లు అసలే సున్నపు నీళ్లు. దాని మీద డోలమైట్ కూడా వేస్తే పీహెచ్ పెరిగి ఇనుము అందక లేత ఆకులు తెల్లబారతాయి. జిప్సం కాల్షియాన్ని ఇస్తుంది, పీహెచ్‌ను కదిలించదు.

మామ: చూశావా, వేరే దేశపు కొలతను ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. నేను మట్టి మట్టి అంటున్నది కూడా ఇందుకే. ఇక్కడి నీళ్లు, ఇక్కడి ఎండ చూసి నింపాలి.

కోడలు: ఆ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. పెర్లైట్ విషయంలో కూడా అదే చేద్దాం. అది అగ్నిపర్వతపు గాజురాయిని కాల్చి పేలాలుగా ఉబ్బించిన సరుకు. గాలికి చాలా మంచిది, ఖరీదు కూడా ఎక్కువే. దాని బదులు మిల్లు ఊకను గాలి తక్కువగా పెట్టి నల్లగా కాల్చి వాడుకోవచ్చు. బూడిద కానివ్వకూడదు, బూడిదైతే పీహెచ్ పెంచుతుంది. ఊకలో సిలికా ఉండటం వల్ల త్వరగా కుళ్లదు, ఆ పంట కాలమంతా సందులు నిలబెడుతుంది. నర్సరీ వాళ్లు వర్మిక్యులైట్ కూడా చూపిస్తారు. మన నెల్లూరు వైపు గనుల్లో దొరుకుతుంది. నారు పోసే ట్రేలకు అది బాగుంటుంది గానీ ఇందులో వద్దు. నీళ్లు ఎక్కువ పడుతుంది, ఒత్తిడికి అట్టలా అణిగిపోతుంది.

మామ: తిండి మాట ఇంకా తేలలేదు. వానపాముల ఎరువు సగం వేద్దాం. అదేమీ మట్టి కాదు కదా, నీకు అభ్యంతరం ఉండకూడదు.

కోడలు: సగం ఎక్కువ, మామయ్యా. వర్మీకంపోస్ట్ చాలా సన్నటి సరుకు. ఎక్కువైతే మట్టిలాగే సందులు మూసేస్తుంది. పైగా ఎప్పుడూ తడిగా ఉండే అడుగు భాగంలో గాలి అందక పులుస్తుంది, కుళ్లు వాసన వస్తుంది. పదింట రెండు పాళ్లు చాలు. అది కూడా జల్లించి, బాగా మాగినది చూసి వేయాలి. పచ్చి ఎరువు అసలు వద్దు. పచ్చి పొట్టు కూడా అంతే. అందులో కర్బనం నత్రజని కంటే వంద రెట్ల పైన ఉంటుంది కనుక సూక్ష్మజీవులు మొక్క వాటా నత్రజనిని కాజేస్తాయి. కాయిర్ బోర్డు పిత్‌ప్లస్ అని పుట్టగొడుగు శిలీంధ్రంతో పొట్టును మాగబెట్టే పద్ధతి తెచ్చింది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ అర్క ఫెర్మెంటెడ్ కోకోపీట్ తయారుచేసింది. అలా మాగిన సరుకు దొరికితే మరీ మంచిది.

మామ: మరి జీవామృతం? తొట్టిలో పోసేస్తే కిందినుంచి అదే తాగుతుంది కదా.

కోడలు: తొట్టిలో మాత్రం పోయకండి. బెల్లం, పిండి, పేడ ఉన్న ద్రవం మూసి ఉన్న నీళ్లలో నిలవ ఉంటే రెండు మూడు రోజుల్లో మురుగు అవుతుంది, గిన్నెలోని పొట్టుకు జిగురు పడుతుంది. అడుగున ఎప్పుడూ మంచినీళ్లే ఉండాలి. తిండి అంతా పైనుంచి. జీవామృతం పలచన చేసి, వడకట్టి, మొదలుకు దూరంగా పైన కొద్దిగా పోయండి. వేపపిండి, వర్మీకంపోస్ట్ కలిపి కుండీ అంచు వెంట ఒక చాలులా పెడితే తడి తగిలినంత మేర కరుగుతూ ఉంటుంది. పూత మొదలయ్యాక ఆ చాలును మళ్లీ నింపాలి. పొట్టు తనంతట తాను తిండి పెట్టదు కనుక ఈ పని మానకూడదు. మట్టిలో ఒకసారి ఎరువు తక్కువైనా సర్దుకుంటుందని మీరన్నది నిజమే. ఇందులో నడవదు.

మామ: అంటే మట్టికి ఉండే ఓర్పు నీ పొట్టుకు లేదని ఒప్పుకున్నట్టే. అందుకే పదింట ఒక్క పాలైనా ఎర్రమట్టి వేయమంటున్నా. సూక్ష్మజీవులకు ఆధారం, ఎరువుకు నిలవ.

కోడలు: సూక్ష్మజీవులు కావాలంటే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని వర్మీకంపోస్ట్‌లో పెంచి కలుపుదాం. మట్టితో వచ్చేవాటిలో మంచివే ఉంటాయని లేదు కదా. టమాటా, వంకాయ, మిరప పండిన నేల నుంచి తెచ్చిన మట్టిలో నులిపురుగులు, ఎండు తెగులు బాక్టీరియా దాగి ఉండొచ్చు. వెచ్చగా, ఎప్పుడూ తడిగా ఉండే కుండీ ఆ బాక్టీరియాకు పండగ.

మామ: దానికి రకం చూసి నాటాలి. ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ ఉంది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు, మూడింటినీ తట్టుకుంటుంది. మట్టిని ఎండలో ప్లాస్టిక్ కింద పరిచి ఆవిరి పట్టిస్తే ఇంకా భయం లేదు. మంచి మట్టిని అనుమానించి మూలన పెట్టడం నాకు నచ్చదు.

కోడలు: అర్క రక్షక్ నాటుదాం. మట్టి మాత్రం ఈ కుండీలోకి రానివ్వను. ఆ పదోవంతులోని బంక రేణువులు నీళ్లతో పాటు కదిలి, అడుగు గిన్నెలో పేరుకుంటే నీళ్లెక్కే దారే మూసుకుపోతుంది. అక్కడే మొక్క ప్రాణమంతా ఉంది. ఆ గిన్నెలోకి ఎరువు కూడా పోనివ్వకూడదు. కడిగిన పొట్టు, కాల్చిన ఊక మాత్రమే గట్టిగా అదిమి నింపాలి. మిగతా కుండీని అదమకుండా వదులుగా నింపి, పైనుంచి ఒక్కసారి నిండా తడపాలి. పొడి పొట్టు కిందినుంచి నీళ్లను అందుకోలేదు. మొదటి తడి మనమే ఇవ్వాలి.

మామ: కొలతలు ఒక్కసారి వరసగా చెప్పు.

కోడలు: పది పాళ్లలో ఆరు పాళ్లు కడిగిన పొట్టు, రెండు పాళ్లు కాల్చిన ఊక లేదా పెర్లైట్, రెండు పాళ్లు జల్లించిన వర్మీకంపోస్ట్. 25 లీటర్ల టబ్బుకు గుప్పెడు జిప్సం, గుప్పెడు వేపపిండి. అన్నీ బకెట్టుతో కొలిచేవే, తూకం కాదు.

మామ: నువ్వు చెప్పిన కొలత నా ఎదుట ఉన్న సరుకుకు సరిపోతుందని ఎలా నమ్మాలి? ఒక్కో బస్తా పొట్టు ఒక్కోలా ఉంటుంది. ఒకటి పీచు పీచుగా, ఒకటి పిండిలా.

కోడలు: రెండు పరీక్షలున్నాయి, మీరే చేసి చూడండి. మొదటిది ఎక్కే గుణానికి. నీళ్ల సీసా అడుగు, మెడ కోసేసి గొట్టంలా చేసి, అడుగున గుడ్డ కట్టి, కొద్దిగా తడిపిన మిశ్రమం నింపి, రెండు వేళ్ల లోతు నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టండి. మర్నాటికి తడి 20 సెంటీమీటర్ల దాకా ఎక్కాలి. ఎక్కకపోతే ముతక ఎక్కువైంది. రెండోది గాలికి. అడుగున చిల్లులు పొడిచి టేపు వేసిన లీటరు డబ్బాను మిశ్రమంతో నింపి, పైదాకా నీళ్లు నిండేలా మెల్లగా పోసి, టేపు తీసేసి కారిన నీళ్లను పట్టండి. ఎన్ని నీళ్లు కారాయో అంత చోటు గాలికి మిగిలింది. 150 నుంచి 200 మిల్లీలీటర్లు కారితే మంచిది. 100 దాటకపోతే ఇంకొంచెం ఊక కలపాలి. ఇదే డబ్బాలో మీ ఎర్రమట్టి పోసి కూడా పట్టి చూడండి.

మామ: ఇది బాగుంది. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, నీళ్లే చెబుతాయి. ఇంక నేను చెప్పేది విను. నీళ్లు ఎప్పుడూ కిందినుంచే ఎక్కి పైన ఎండిపోతుంటే, ఉప్పు ఎక్కడికి పోతుంది? మా వైపు చౌడు నేల అలాగే తయారవుతుంది. పైన తెల్లటి పొర కడుతుంది.

కోడలు: ఇందులోనూ కడుతుంది. పైన ప్లాస్టిక్ షీటో ఎండుగడ్డో కప్పితే ఆవిరి తగ్గుతుంది, పొర తగ్గుతుంది. నెలకోసారి పైనుంచి నిండుగా నీళ్లు పోసి, పక్క బెజ్జంలోంచి బాగా కారనివ్వాలి. వాన నీళ్లయితే ఇంకా మేలు. ఆ బెజ్జం ఎప్పుడూ తెరిచే ఉండాలి. మూసుకుపోతే వానాకాలంలో నీటిమట్టం పళ్లెం దాటి వేర్లను ముంచేస్తుంది. నీళ్లు పోసే గొట్టానికి మూత, బెజ్జానికి సన్న జాలీ తప్పనిసరి. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజుల నిలవ నీళ్లు చాలు. కూరగాయలు పండించబోయి జ్వరాలు తెచ్చుకోకూడదు.

మామ: నాలుగు పక్కలా ఆలోచించావు. అయినా నా మాట నాదే. మనిషి ఇంట్లో ఉండి, పూటకోసారి మొక్క ముఖం చూడగలిగితే, మట్టి కుండీకి చేత్తో నీళ్లు పోసి పండించడమే మేలైన దారి. మట్టి తప్పులను సహిస్తుంది. ఈ పొట్టు ముందు లెక్క సరిగ్గా ఉంటే తప్ప సహించదు.

కోడలు: ఇంట్లో మనిషి ఉంటే మీ దారే మేలు, దాన్ని నేను కాదనను. మా వంటి వాళ్లకు పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం దాకా నిలవాలి. కాపు మీదున్న టమాటా మంచి ఎండ రోజున లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు తాగుతుంది. తొట్టి లేకపోతే మధ్యాహ్నం రెండు గంటలకే వాడిపోతుంది. తొట్టి పెట్టుకున్నప్పుడు మాత్రం నింపడంలో పాత అలవాటు పనికిరాదు. అంతవరకే నా వాదన.

మామ: అయితే పంట అయిపోయాక ఈ పొట్టును ఏం చేస్తావు? పారబోస్తానంటే మాత్రం ఒప్పుకోను.

కోడలు: రెండు పంటలకు పొట్టు నలిగి పిండి అవుతుంది, సందులు తగ్గుతాయి. అప్పుడు ఈ కుండీకి పనికిరాదు. బాగా కడిగి మీకు ఇస్తాను. మీ ఎర్రమట్టిలో కలుపుకోండి. పైనుంచి నీళ్లు పోసే కుండీలో మట్టి గట్టిపడకుండా వదులు చేస్తుంది, మట్టికి ఉన్న ఓర్పు దీనికీ అందుతుంది. తెగులు సోకిన మొక్క పెరిగిన పొట్టును మాత్రం కలపవద్దు.

మామ: అందులో తోటకూర, పాలకూర, మెంతి వేస్తాను. టమాటా జాతివి వేయను, టమాటా తెగులు మిగిలి ఉన్నా ఈ ఆకుకూరలను అంతగా పట్టుకోదు. సరే, ట్రాక్టరు అతనికి లోడు వద్దని, నాలుగు బస్తాల మట్టి చాలని ఫోన్ చేస్తాను. నువ్వు ఆ ఇటుకలు నానబెట్టు. కడిగే పని మాత్రం నాకు వదిలెయ్యి. టీడీఎస్ అంకె దిగేదాకా నేను ఆపను.